ఎంబీఏ సమ్మర్ కోర్సుకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి (బెంగళూరు తెలుగు వాళ్ళకి, ముఖ్యంగా ఫస్ట్ ఇయర్ వాళ్ళకి)

పోయిన ఏప్రిల్‌లో నేను 59,000 రూపాయలు కట్టి ఒక సమ్మర్ కోర్సులో చేరాను. ఆరు క్రెడిట్స్ (డిగ్రీకి లెక్కలోకి వచ్చే పాయింట్లు) వస్తాయి, థర్డ్ సెమ్‌లో రెండు సబ్జెక్టులు తగ్గుతాయి, ఆ టైం ప్లేస్‌మెంట్స్‌కి వాడుకోవచ్చు అన్నారు. ఒక్క క్రెడిట్ కూడా రాలేదు. నిన్న మా జూనియర్ ఒకమ్మాయి ఫోన్ తెచ్చి చూపించింది, అదే మెసేజ్, అదే పీడీఎఫ్, కోర్సు పేరు మాత్రం మార్చారు, సీటు బ్లాక్ చేసుకోవడానికి ఆఖరు రోజు ఈ శనివారమట. అది చూశాక నాకు నిద్ర పట్టలేదు, అందుకే కూర్చుని మొత్తం రాస్తున్నా. కాలేజీ పేరు, కంపెనీ పేరు రాయట్లేదు, కేసు నడుస్తోంది.

మాది మదనపల్లె దగ్గర పల్లె. నాన్న టమాటా మార్కెట్లో గుమస్తా. నేను మారతహళ్లిలో రెండేళ్ళు సపోర్ట్ జాబ్ చేసి, అందులో ఎదుగుదల లేదని మానేసి, బ్యాంకు లోన్ పెట్టి ఇక్కడే ఒక ప్రైవేట్ కాలేజీలో రెండేళ్ళ ఎంబీఏలో చేరాను. అంటే 59,000 నాకు చిన్న మొత్తం కాదు, ఈ పోస్ట్ చదివే చాలామందికి కూడా కాదని తెలుసు.

ఫస్ట్ ఇయర్ అయ్యాక వచ్చే రెండు నెలల్లో ఏం చేయాలన్నది ఎంబీఏలో పెద్ద ప్రశ్నే. మా సిలబస్ ప్రకారం ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి, రిపోర్ట్ రాయాలి, వైవా ఉంటుంది. కొన్ని కాలేజీల్లో సమ్మర్ టర్మ్ అని పెట్టి ఒకటి రెండు ఎలెక్టివ్‌లు అప్పుడే చెప్పేస్తారు, అవి నిజంగానే క్రెడిట్ ఉన్న కోర్సులు. దుబాయ్, సింగపూర్ లాంటి చోట్లకి పది రోజుల ట్రిప్ పెట్టి ఇమ్మర్షన్ అంటారు, దాని ఫీజు వేరే. ఇవన్నీ కాక ఈ మధ్య బయటి ట్రైనింగ్ కంపెనీలు కాలేజీతో చేతులు కలిపి అమ్మే సర్టిఫికెట్ కోర్సులు. నేను పడింది ఈ చివరి దాంట్లో.

మార్చి నెలాఖర్లో మా ఆడిటోరియంలోనే సెమినార్ పెట్టారు. స్టేజీ మీద మా ప్లేస్‌మెంట్ ఆఫీసర్ కూర్చున్నారు, స్క్రీన్ మీద కాలేజీ లోగో, పక్కన కంపెనీ లోగో. అది చూసి ఇది కాలేజీ కోర్సే అనుకున్నాం అందరం. బిజినెస్ అనలిటిక్స్, 90 గంటలు, ఆరు క్రెడిట్స్ అని స్లైడ్ వేశారు. తర్వాత ఒకబ్బాయి ఫోన్ చేశాడు, అకడమిక్ కౌన్సెలర్ అట, నా పేరు చూసి వెంటనే తెలుగులోకి దిగిపోయాడు, "అక్కా మాది పుంగనూరు, మన పక్కోళ్ళకి నేనెందుకు తప్పుడు మాట చెప్తా" అన్నాడు. ఈ ఊళ్ళో రోజంతా కన్నడ, హిందీ, ఇంగ్లీషు మధ్య తిరిగేవాళ్ళకి ఫోన్లో మన యాస వినబడితే ఎంత హాయిగా ఉంటుందో మీకు తెలుసు. ఆ హాయిలోనే నేను అడగాల్సిన ప్రశ్నలు అడగలేదు. ఆ అబ్బాయిని ఒక్కణ్ణే అనడం లేదు, అతనికీ టార్గెట్లు ఉంటాయి, కానీ మన ఊరివాడైనంత మాత్రాన కాగితం మీద లేనిది ఉన్నట్టు అయిపోదు కదా.

డబ్బు ఒకేసారి లేదంటే నో కాస్ట్ ఈఎంఐ అన్నాడు, 12 నెలలు, నెలకి దాదాపు 4,917. బీటీఎంలో మా పీజీ కింద హోటల్ దగ్గర నిలబడి ఫోన్లోనే ప్రాసెస్ చేశా, అతను లైన్లో ఉండి ఒక్కో ఓటీపీ చెప్పించుకున్నాడు. నాకు అప్పుడు అర్థం కానిదేంటంటే అది ఫీజు వాయిదా కాదు, నా పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన లోన్. ట్రైనింగ్ కంపెనీకి డబ్బు ఆ రోజే మొత్తం వెళ్ళిపోయింది, నేను బాకీ పడింది మూడో వాళ్ళకి. ప్రాసెసింగ్ ఫీజని ఇంకో 1,180 కూడా పోయింది. దాంతో పాటే "మీ లాగిన్ కూడా ఇప్పుడే యాక్టివేట్ చేసేద్దాం అక్కా" అని ఆ ఓటీపీ కూడా చెప్పించాడు. కంపెనీ రూల్స్‌లో ఏముందంటే మొదటి లాగిన్ తర్వాత రీఫండ్ ఉండదు. ఆ రూల్స్ ఉన్న లింక్ నేను ఆగస్టు దాకా తెరిచి చూడలేదు.

సాయంత్రం నాన్నకి చెప్తే, "ఏమ్మా, రసీదు ఇచ్చినారా?" అని ఒక్క మాట అడిగాడు. మెయిల్‌కి వచ్చింది నాన్నా అన్నాను. ఆ రసీదు సరిగ్గా చదివుంటే అసలు సంగతి అక్కడే తెలిసిపోయేది. అందులో 50,000 కోర్సు ఫీజు, 9,000 జీఎస్టీ, 18 శాతం. చట్టం గుర్తించిన డిగ్రీ కోసం, సిలబస్‌లో భాగంగా కాలేజీ చెప్పే చదువుకి జీఎస్టీ మినహాయింపు ఉంది. మీ సెమిస్టర్ ఫీజు రసీదు తీసి చూడండి, ట్యూషన్ ఫీజు మీద జీఎస్టీ ఉండదు. మీ డిగ్రీలో భాగం అని చెప్పి ఇచ్చిన రసీదులో 18 శాతం జీఎస్టీ, పైన ఏదో ప్రైవేట్ లిమిటెడ్ పేరు కనబడితే అక్కడే ఆగిపోండి. అది వాళ్ళు అమ్ముతున్న ట్రైనింగ్, మీ డిగ్రీ కోర్సు కాదు.

ఇక క్లాసులు. రోజూ పది నుంచి పన్నెండు లైవ్ అన్నారు, దానికోసం నేను పీణ్యలో ఒక మెషిన్ పార్ట్స్ కంపెనీ ఇచ్చిన ఇంటర్న్‌షిప్ వదులుకున్నా. పర్చేజ్ డిపార్ట్‌మెంట్లో పని, ఫుల్ టైం, పొద్దున తొమ్మిదికే ఉండాలి, క్లాసుతో కుదరదు కదా అని. ఇది రాస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టుకుంటోంది, డబ్బు ఎప్పుడో సంపాదించుకుంటా, ఆ పని మళ్ళీ రాదు. లైవ్ క్లాసులు జరిగింది 12, మొత్తం 24 గంటలు, ఆ తర్వాత అన్నీ రికార్డింగులే. ఎక్సెల్‌లో పివట్ టేబుల్, వీ-లుకప్, కొంచెం పవర్ బీఐ. నేను సపోర్ట్ జాబ్‌లో రోజూ చేసినవే. డౌట్లు అడిగితే గ్రూప్‌లో పెట్టండి అనేవాళ్ళు, గ్రూప్‌లో పెడితే బొటనవేలి ఎమోజీ పెట్టి ఊరుకునేవాళ్ళు.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, ఎవరికైనా వస్తుంది, నాకు అప్పుడు తట్టలేదు. యూజీసీ (యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ) లెక్కలో థియరీ కోర్సుకి ఒక క్రెడిట్ అంటే 15 గంటల క్లాసు. ఆరు క్రెడిట్స్ అంటే 90 గంటలు. స్లైడ్‌లో 90 అని వేసింది అందుకే, ఎవరైనా లెక్క వేస్తే సరిపోవాలని. నిజంగా చెప్పింది 24. ఎవరైనా మీకు క్రెడిట్స్ అని చెప్తే టైంటేబుల్ అడిగి తేదీలతో సహా గంటలు కూడి చూడండి, రికార్డింగులు తీసేసి.

ఆగస్టులో థర్డ్ సెమ్ రిజిస్ట్రేషన్‌కి వెళ్ళి సర్టిఫికెట్ ఇస్తే ఎగ్జామ్ సెక్షన్‌లో మేడమ్ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదరల్లి కోర్స్ కోడ్ ఎల్లిదె?" అని అడిగారు, ఇందులో కోర్సు కోడ్ ఎక్కడుంది అని. లేదు. కోడ్ లేనిది యూనివర్సిటీ పోర్టల్లో ఎక్కదు, పోర్టల్లో ఎక్కనిది మార్క్స్ కార్డ్‌లో రాదు, అంతే. ఆవిడ తప్పేం లేదు, పాపం కూర్చోబెట్టి వివరంగా చెప్పారు కూడా. మాది యూనివర్సిటీకి అఫిలియేట్ అయిన కాలేజీ, అటానమస్ కాదు, కాబట్టి సిలబస్ గానీ క్రెడిట్స్ గానీ మార్చే అధికారం కాలేజీకే లేదు, యూనివర్సిటీ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో, అంటే సిలబస్ ఖరారు చేసే కమిటీలో, పాస్ కావాలి. అటానమస్ కాలేజీ అయితే వాళ్ళ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో, అకడమిక్ కౌన్సిల్‌లో పాస్ కావాలి. ప్లేస్‌మెంట్ ఆఫీసర్ స్టేజీ మీద ఎంత గట్టిగా చెప్పినా దానికి విలువ లేదు. అలాగే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని మనందరికీ డిజిలాకర్‌లో అకౌంట్ చేయించారు కదా, అందులో క్రెడిట్స్ వేయగలిగేది రిజిస్టర్ అయిన విద్యాసంస్థలే, ట్రైనింగ్ కంపెనీలు వేయలేవు. మా కౌన్సెలర్ మాత్రం "ఏబీసీలో పడతాయక్కా" అని వాట్సాప్‌లో రాశాడు, ఆ ఒక్క మెసేజ్ ఇప్పుడు కేసులో నాకు బలం.

ఇంటర్న్‌షిప్ దెబ్బ వేరే. క్లాసులన్నీ రికార్డింగులయ్యాక మే నెల మధ్యలో ఒక చిన్న ఆఫీసులో చేరితే ఆరు వారాలే అయ్యాయి, రెండు వారాలు తక్కువని డిపార్ట్‌మెంట్లో రిపోర్ట్ తీసుకోలేదు. థర్డ్ సెమ్ క్లాసులు నడుస్తుండగా సాయంత్రాలు వెళ్ళి ఆ రెండు వారాలు పూర్తి చేశాను. ప్లేస్‌మెంట్స్‌కి ఖాళీగా ఉంటాననుకున్న నెలలో అన్ని సబ్జెక్టులూ, పైన ఇదీ.

డబ్బు సంగతి చెప్తా, ఇది చాలామంది అడుగుతున్నారు. మొదట కంపెనీకి మెయిల్ పెట్టా, లాగిన్ అయ్యారు కాబట్టి రీఫండ్ లేదన్నారు. కోపంలో ఈఎంఐ ఆపేద్దామనుకున్నా, మా రూమ్మేట్ ఆపింది, మంచిపని చేసింది. లోన్ ఇచ్చింది వేరే కంపెనీ, వాయిదా ఆగితే సిబిల్ స్కోర్ పోయేది మనదే, రేపు ఇంకో లోన్ కావాలంటే ఇబ్బంది. ఇంకో సంగతి అప్పుడే తెలిసింది, ఇలా యాప్‌లో లోన్ తీసుకుంటే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఇవ్వాలి, అందులో అన్ని ఛార్జీలతో కలిపి వార్షిక వడ్డీ రేటు ఉండాలి, పెనాల్టీ లేకుండా లోన్‌లోంచి బయటికి రావడానికి కొంత గడువు కూడా ఇవ్వాలి, ఇవి ఆర్‌బీఐ రూల్స్. ఆ గడువు చాలా తక్కువే ఉంటుంది, కాబట్టి సంతకం పెట్టిన రోజే ఆ కాగితం చదవండి. నేను చదివేసరికి నాలుగు నెలలు దాటింది.

తర్వాత కాలేజీలో స్టూడెంట్ గ్రీవెన్స్ రిడ్రెసల్ కమిటీకి రాశాను. 2023 యూజీసీ రెగ్యులేషన్స్ ప్రకారం ప్రతి కాలేజీలో ఇది ఉండాలి, 15 పనిదినాల్లో తేల్చాలి, అక్కడ న్యాయం జరగలేదనుకుంటే యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్ (స్టూడెంట్ల అప్పీళ్ళు వినే అధికారి) దగ్గరికి వెళ్ళొచ్చు. మా కమిటీ ఇచ్చిన జవాబు ఏంటంటే ఆ కోర్సు కాలేజీది కాదు, ఆడిటోరియం మాత్రమే ఇచ్చాం అని. చదివి ఏడ్చేశాను, కానీ ఆ జవాబు రాతపూర్వకంగా ఉండటం వల్ల మేలే జరిగింది, కంపెనీ క్రెడిట్స్ అని అమ్మింది అబద్ధమని కాలేజీయే రాసిచ్చినట్టయింది. దాన్ని పెట్టి 1915కి ఫోన్ చేశా, నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. కంప్లైంట్ నంబర్ వచ్చాక కంపెనీ దిగొచ్చి "గుడ్‌విల్" కింద 20,000 వెనక్కి ఇచ్చింది, దాంతో పాటు ఇక ఏ క్లెయిమూ లేదని సంతకం పెట్టమని ఒక ఫారం పంపింది. నేను పెట్టలేదు. మీరూ పెట్టకండి.

మిగతా 39,000 కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉండే చోటే వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే. ఐదు లక్షల లోపు అయితే కోర్టు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, సమస్య మొదలైన రెండేళ్ళ లోపు వేయాలి. నాతో పాటు అదే కోర్సు కొన్న నలుగురు "పోనీలే" అని వదిలేశారు, వాళ్ళని అనలేను, ప్లేస్‌మెంట్స్ టైంలో ఎవరి ఓపిక వాళ్ళది. కానీ మీ దగ్గర స్లైడ్ ఫోటోలు, వాట్సాప్ మెసేజీలు ఉంటే చెరపకండి.

అనలిటిక్స్ నేర్చుకోవడం తప్పని నేను అనట్లేదు. నిజంగా క్రెడిట్ కావాలంటే స్వయం అని కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ ఉంది, మేనేజ్‌మెంట్ కోర్సులకి నేషనల్ కోఆర్డినేటర్ మన బన్నేరుఘట్ట రోడ్డులో ఉన్న ఐఐఎం బెంగళూరే. చదవడానికి డబ్బు అక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టాలి. సెమిస్టర్‌లో 40 శాతం కోర్సుల వరకు స్వయం ద్వారా తీసుకోవడానికి యూజీసీ ఒప్పుకుంటుంది, అయితే మీ కాలేజీ, యూనివర్సిటీ ఏ కోర్సుకి ఒప్పుకున్నాయో ముందే అడగాలి. బ్యాచ్‌లు జనవరిలో, జూలైలో మొదలవుతాయి కాబట్టి ఏప్రిల్‌లో గుర్తొస్తే ఆలస్యం అవుతుంది.

శనివారం లోపు కట్టాలని మీకూ మెసేజ్ వచ్చుంటే రేపు పొద్దున్నే ఎగ్జామ్ సెక్షన్‌కి వెళ్ళండి, హెచ్ఓడీ దగ్గరికి కాదు, ప్లేస్‌మెంట్ సెల్‌కి కాదు. దీనికి కోర్సు కోడ్ ఏంటి, మార్క్స్ కార్డ్‌లో ఏ సెమిస్టర్‌లో వస్తుంది అని ఒక మెయిల్ పెట్టి జవాబు మెయిల్‌లోనే తీసుకోండి. నోటితో "వస్తుందమ్మా" అంటే లెక్కలోకి రాదు. కౌన్సెలర్‌ని కూడా ఇదే వాట్సాప్‌లో అడగండి, ఫోన్ చేసి చెప్తానంటే ఫోన్ ఎత్తకండి, రాయమనండి.

నా కేసు మొదటి వాయిదా వచ్చే నెలలో ఉంది, ఏమైందో ఇదే పోస్ట్ కింద రాస్తాను. ఫిర్యాదు ఎలా రాయాలో తెలియకపోతే నాకు మెసేజ్ పెట్టండి, నేను రాసుకున్న కాపీలో పేర్లు తీసేసి పంపిస్తా.