జింక తల మౌంట్‌కు ఏది మేలు: పొడి రుద్దడమా, తోలు పదును చేయడమా?

టెక్సాస్‌లో నవంబరు రాగానే వైట్‌టెయిల్ జింకల ప్రధాన వేట సీజన్ మొదలవుతుంది. తలను గోడకు పెట్టుకోవాలనుకునేవాళ్లు భుజాల దాకా ఒలిచిన తోలును, అక్కడివాళ్ల మాటలో కేప్‌ను, రెండు రకాలుగా సిద్ధం చేస్తారు. లోపలివైపు బొరాక్స్ లాంటి పొడి రుద్ది, పచ్చిగా ఉండగానే ఫోమ్ బొమ్మకు తొడగడం ఒకటి. పూర్తిగా పదును చేసి, అంటే టానింగ్ చేసి, ఆ తర్వాత తొడగడం రెండోది. (మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటమే నేరం.)

పొడితో పని త్వరగా అయిపోతుంది, ఖర్చూ తక్కువ. కానీ ఆ పొడి, తోలును ఆరబెట్టి పురుగు పట్టకుండా చూస్తుందే తప్ప, పదును చేయదు. లోపల ఉన్నది పచ్చితోలే. ఆరేకొద్దీ అది ముడుచుకుంటుంది. కంటి మూలలు, పెదవులు లాగేస్తాయి, కుట్లు విచ్చుకుంటాయి. పక్షుల పల్చటి తోళ్లకు పొడి సరిపోతుంది, జింకకు మాత్రం నేను పదునే మేలంటాను.

పదునుకు ఓపిక కావాలి. గ్యాలన్ నీటికి పౌను ఉప్పు, తగినంత యాసిడ్ కలిపిన పికిల్‌లో కేప్‌ను సుమారు మూడు రోజులు ఉంచాలి. పీహెచ్ 2.5 దాటకూడదు. తర్వాత ముఖం తోలును పల్చగా చెక్కి, మళ్లీ పికిల్‌లో వేసి, వంటసోడా నీళ్లతో పులుపు విరిచి, పటిక లేదా సింథటిక్ టాన్ పట్టించి, నూనె రాయాలి. అలా చేసిన తోలు మెత్తగా సాగి బొమ్మకు ఒదుగుతుంది, ఆరాక ముడుచుకోవడం బాగా తక్కువ.

మన ఊళ్లలో తంగేడు చెక్కతో పదును చేసేటప్పుడు ముందే సున్నం పెట్టి వెంట్రుకలు తీసేసేవారు. ఇక్కడ వెంట్రుకలు నిలబెట్టడమే అసలు పని. బాక్టీరియా చేరిందంటే వెంట్రుకలు కుచ్చులుగా ఊడిపోతాయి, ఆ తర్వాత ఏ పద్ధతీ కాపాడలేదు. అందుకే ఏ దారి పట్టినా మొదటి రోజు ఉప్పు దగ్గర తొందరపడొద్దు. మాంసం, కొవ్వు గీకేసి, చెవులు లోపలి నుంచి తిరగదీసి, పెదవులు చీల్చి, అయోడిన్ లేని సన్న ఉప్పు దట్టంగా పట్టించండి. మర్నాడు తడిసిన ఉప్పు దులిపి కొత్తది వేయండి. వెంటనే కుదరకపోతే ఉప్పు వేయకుండా ఫ్రీజర్‌లో పెట్టండి, ఉప్పు పట్టిన తోలు సరిగా గడ్డకట్టదు.