జౌగడ చూడండి, లాడ్జి మాత్రం చూసుకుని దిగండి

అశోకుడి శాసనాల బండ ఉన్న జౌగడ చూద్దామని ఒడిశాలోని బరంపురం వెళ్లాం. అక్కడ మేము దిగిన లాడ్జివాడు గదికి 1,400 తీసుకున్నాడు. ఏసీ రిమోట్‌కి ఇంకో 200 డిపాజిట్ అన్నాడు. పొద్దున్న ఖాళీ చేస్తుంటే రిమోట్ మేమే పాడుచేశామని ఆ 200 మింగేశాడు. అది రాత్రి నుంచే పనిచేయలేదు మొర్రో అంటే వినడు. పైగా తెలుగువాడే! మా బావకి అక్కడే మూడ్ పోయింది. తారాతారిణి కొండ, రోప్‌వే, దర్శనం సాఫీగా అయిపోయాయి.

అక్కడి నుంచి పురుషోత్తంపూర్ దగ్గర ఋషికుల్య ఒడ్డునున్న జౌగడకి వెళ్లాం. బరంపురం నుంచి రానూపోనూ ఆటో 1,200కి మాట్లాడుకున్నాం. అశోకుడి శాసనాల బండకి కంచె, పైన కప్పు ఉన్నాయి. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారని చెప్పే 13వ శాసనం భువనేశ్వర్ దగ్గరి ధౌలి బండ మీద లేనట్టే ఇక్కడా లేదు. ఓడిన ఊళ్లో ఆ లెక్క చెక్కించడానికి మొహం చెల్లలేదేమో. బదులుగా సమాపా అనే ఊరి మహామాత్రులకు, అంటే పై అధికారులకు, విడిగా రాయించిన ఆజ్ఞలున్నాయి: మనుషులందరూ నా బిడ్డలే, సరిహద్దు జనం నన్ను చూసి భయపడకూడదు, అసూయ, కోపం, తొందర, బద్ధకం మానండి అని. “ఒక కాపీ ఆ లాడ్జి గోడ మీద కూడా చెక్కించాల్సింది” అన్నాడు బావ.

బండ భద్రంగానే ఉంది. నన్ను ఆపింది దాని చుట్టూ ఉన్న కోట. కోటంటే ఇప్పుడు మట్టి కట్టలు, వాటి మధ్య వరిమళ్లు. 1956-57లో పురావస్తు శాస్త్రవేత్త దేబలా మిత్ర తవ్వకాలు జరిపిన చోటు ఇది. గట్టు మీద నల్లటి కుండ పెంకు ఒకటి కనబడింది. లోపలివైపు కుమ్మరి వేళ్ల చారలు ఇంకా తెలుస్తున్నాయి. బావ జేబులో వేసుకోబోతే గట్టిగా కసిరి, ఉన్నచోటే పెట్టించాను. అలిగాడు.

అక్కడ ఒక పెద్దాయన ఒడియాలో గోడు చెప్పుకుంటే ఆటో అతను తెలుగులో చెప్పాడు. ఇల్లు కారుతోంది, శ్లాబు వేసుకోనివ్వరట. పురాతన కట్టడాల రక్షణ చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్తగా కట్టకూడదు, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. సాగుకి మాత్రం 1958 నాటి అసలు చట్టంలోనే వెసులుబాటుంది: రక్షిత ప్రదేశమైనా అడుగు లోతు మించి తవ్వకుండా దున్నుకోవచ్చు. నాగలి రోజుల్లో సరిపోయిన లెక్క అది. ఇప్పుడు ట్రాక్టర్ నాగలి ఎంత లోతు దిగిందో టేపు పట్టుకుని చూసేదెవరు? అలాగని రైతుని వెళ్లగొట్టమనను. ఆయన పోతే ఆ నేలలోకి వచ్చేది ఇటుక బట్టీయో, ప్లాట్ల రాళ్లో. మరమ్మతుకి అనుమతి త్వరగా ఇచ్చి, కట్ట జోలికి పోని రైతుకి ఏటా కాస్త డబ్బిస్తే కోటకి అంతకన్నా కాపలా ఏముంటుంది?

పెద్దాయన మా ఇద్దరికీ చెంబుతో మజ్జిగ ఇచ్చాడు. డబ్బులిస్తే వద్దన్నాడు. బావ అలక అక్కడ తీరింది.

ఇంతసేపూ మాట సాయం చేసిన ఆటో అతను బరంపురంలో దిగాక వెయిటింగ్ అంటూ 1,600 అడిగాడు. బేరమాడితే 1,450 దగ్గర ఆగాడు. మీరు వెళ్తే వెయిటింగ్ ఎంతో ఎక్కకముందే తేల్చుకోండి. మంచినీళ్లు పట్టుకెళ్లండి, ఎండాకాలం మాత్రం వద్దు.