ఆప్టికల్ టాకోమీటర్ సమీక్ష: ఇంజిన్ నెమ్మదించిందా, ముల్లు తప్పు చెబుతోందా?

డల్లాస్ దగ్గర ఒక చిన్న విమానాశ్రయంలో నేను స్వయంగా కట్టుకున్న రెండు సీట్ల విమానానికి పాత లైకమింగ్ ఓ-320 ఇంజిన్, పిచ్ (బ్లేడ్ల వాలు) మారని రెండు బ్లేడ్ల ప్రొపెల్లర్ బిగించాను. చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, తోకను కట్టేసి, మొదటిసారి థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు ప్యానెల్‌లోని టాకోమీటర్ (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చూపే మీటరు) ముల్లు 2,050 దగ్గరే ఆగిపోయింది. ఆ ప్రొపెల్లర్‌కు విమానం నిలిచి ఉండగా కనీసం 2,200 రావాలి. మాగ్నెటో (ఇంధనాన్ని మండించే నిప్పురవ్వను పుట్టించే భాగం) టైమింగ్ తప్పిందని ఒకరు, ప్రొపెల్లర్ పిచ్ తగ్గించాలని మరొకరు సలహా ఇచ్చారు. వాటి జోలికి వెళ్లేముందు ఆ 2,050 నిజమో కాదో తేల్చుకోవాలని, చేతిలో పట్టుకుని వాడే ఆప్టికల్ టాకోమీటర్ కొన్నాను.

దీనిని ఇంజిన్‌కు ఎక్కడా తగిలించనక్కర లేదు. బ్లేడు వెలుతురుకు అడ్డు వచ్చిన ప్రతిసారీ లెక్కించి, మనం ముందుగా ఎంచుకున్న బ్లేడ్ల సంఖ్యతో భాగించి, నిమిషానికి ఎన్ని చుట్లో చూపిస్తుంది. దీని లెక్క సరైనదో కాదో పాత రకం ట్యూబులైటు కింద పరీక్షించవచ్చు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి ఆ లైటు సెకనుకు 120 సార్లు మిణుకుమంటుంది. రెండు బ్లేడ్ల సెట్టింగ్‌లో 3,600 రావాలి, నా పరికరం అంతే చూపింది. మన దేశంలోని 50 హెర్ట్జ్ కరెంటుకైతే 3,000 రావాలి. ఇదే కారణంగా హ్యాంగర్ లైట్ల వెలుగులో కొలిస్తే ఇది బ్లేడ్లకు బదులు లైటునే లెక్కపెట్టే ప్రమాదం ఉంది.

గాలి లేని ఒక ఉదయం నేను బ్రేకులు తొక్కి థ్రాటిల్ తెరవగా, పక్క సీట్లోని మిత్రుడు విండ్‌స్క్రీన్ గుండా కొలిచాడు. తిరిగే ప్రొపెల్లర్ ముందు నిలబడి కొలిచే పని ఎవరూ ఎన్నడూ చేయకూడదు. ముల్లు 2,050 దగ్గరే ఉంది, పరికరం 2,160 చూపింది. పిచ్ మారని ప్రొపెల్లర్‌ను తిప్పే శక్తి దాదాపు వేగపు ఘనానికి అనులోమంగా ఉంటుంది కనుక, ముల్లును నమ్మితే అవసరమైన శక్తిలో ఐదో వంతు లోపించినట్టు. అసలు లోటు ఇరవయ్యో వంతు మాత్రమే. ఇంజిన్ విప్పవలసినంత జబ్బు కాదని అప్పుడు తెలిసింది. పాత టాకోమీటర్లలో అయస్కాంతం బలహీనపడితే ముల్లు తక్కువ చూపుతుంది. ఇదే నిష్పత్తిలో తప్పు ఉంటే, గాలిలో ముల్లు 2,600 చూపినప్పుడు ఇంజిన్ దాని పరిమితి అయిన 2,700ను దాటి తిరుగుతూ ఉంటుంది; నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే.

మిగిలిన లోటుకు కారణం కార్బ్యురేటర్ హీట్ తలుపు, అంటే కార్బ్యురేటర్‌లో మంచు పట్టకుండా అవసరమైనప్పుడు వేడిగాలిని లోపలికి వదిలే తలుపు. కాక్‌పిట్‌లో నాబ్ పూర్తిగా లోపలికే, అంటే తలుపు మూసే స్థితిలోనే, ఉన్నా, కేబుల్ బిగింపు జారడంతో తలుపు అంచున వేలిగోరు దూరేంత సందు మిగిలి, ఎగ్జాస్ట్ పక్కనుంచి వేడిగాలి ఇంజిన్‌లోకి పోతోంది; వేడిగాలి పలచన కనుక శక్తి తగ్గుతుంది. బిగింపు సరిచేశాక 2,220 వచ్చింది.

పరికరంలో లోపాలు లేకపోలేదు. ఎండలో అంకెలు సరిగా కనిపించవు. బ్లేడ్ల సంఖ్య మార్చే మీట చాలా వదులు. ఒకసారి సంచిలో మూడుకు జరిగిపోయి, 2,160కి బదులు 1,440 చూపింది. ఇప్పుడు దానిమీద టేపు అంటించాను. అయినా కారణం తెలియకుండా ప్రొపెల్లర్‌ను పిచ్ మార్పించడానికి పంపాలనుకునే వారందరికీ ముందు దీనిని కొనమనే చెబుతాను. నేను ప్యానెల్ టాకోమీటర్ మార్చేవరకు దాని పక్కన ఈ పరికరంతో తీసిన దిద్దుబాటు పట్టిక అతికించి ఉంచాను.