బాణం ఈకలకి వాటర్‌ప్రూఫ్ పొడి: వానని ఆపింది, నా రెయిన్ జాకెట్‌ని మాత్రం ఆపలేకపోయింది

ముందే చెప్పేస్తున్నా, ఈ పొడి అంటే నాకు ఇష్టమే. ఎవరడిగినా "కొనేయండి, ఇంక వాన సంగతి మర్చిపోండి" అని చెప్పేవాణ్ణి. కొనేయండి అనే మాట మీద ఇప్పటికీ ఉన్నా, రెండో మాట మీదే కొంచెం మాట్లాడాలి.

నేనుండేది ఇంగ్లండ్‌లో, లాంకషైర్ వైపు. ఇక్కడ అడవుల్లో చెట్ల మధ్య ఫోమ్ జంతువుల బొమ్మలు పెట్టి వేసే ఫీల్డ్ ఆర్చరీ ఆడతా, చేతిలో ఫ్లాట్‌బో (చదునైన బద్దలుండే సాదా విల్లు), చెక్క బాణాలు, వాటికి టర్కీ ఈకలు. విజయవాడ నుంచి మా బాబాయ్ కొడుకు ఫోన్ చేసినప్పుడల్లా "అన్నయ్యా, ఈ గోలంతా ఎందుకు, ఈకల బదులు ప్లాస్టిక్ రెక్కలు, అదే వేన్స్, అతికించుకోవచ్చుగా" అంటాడు. వాడు చూసేది జ్యోతి సురేఖ కాంపౌండ్ (కప్పీలుండే విల్లు) మ్యాచ్‌లు, ఆ విల్లుకి బాణం ఆనడానికి విడిగా రెస్ట్ ఉంటుంది, వేన్ దేనికీ తగలకుండా దాన్ని అమర్చుకుంటారు. నాకు రెస్ట్ అనేదే లేదు, బాణం విల్లు మీదే ఆనుకుని ఉంటుంది, వదిలినప్పుడు తోక దాన్ని రాసుకుంటూ వెళ్తుంది, ఈక అయితే అణిగి మళ్ళీ లేస్తుంది, ప్లాస్టిక్ అయితే తన్నేసి బాణాన్ని పక్కకి తోసేస్తుంది. పైగా ఇక్కడి ఫీల్డ్ ఆర్చరీ సంఘం ఎన్ఎఫ్ఏఎస్ రూల్స్ ప్రకారం నా విల్లు క్లాస్‌లో చెక్క బాణం, ఈకలు తప్పనిసరి. కాబట్టి ఈకలూ ఉంటాయి, లాంకషైర్‌లో వానా ఉంటుంది.

ఈక తడిస్తే ఏమవుతుందో వేసేవాళ్ళకి తెలిసిందే, పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఈనె మీద పడుకుండిపోతాయి, బాణం తోక ఊపుకుంటూ పోయి దూరం టార్గెట్ల దగ్గర కింద పడుతుంది. పక్షి ఒంటి మీద ఉన్నప్పుడు దాని నూనె దానికి ఉంటుంది, మనకి అమ్మేవి కడిగి రంగేసినవి, అవి ఇట్టే నీళ్ళు పీల్చేస్తాయి. బాతు జాతి ఈకలు నయమంటారు, నిజమే, గూస్ ఈకలు ఒక సెట్ వేయించా, తడికి బాగానే ఆగాయి గానీ మెత్తనివి, ఫోమ్‌లోంచి దూసుకెళ్తే త్వరగా చిరిగిపోతున్నాయి.

ఇక పొడి. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో తెల్లగా, పట్టుకుంటే బరువే తెలియనంత తేలిగ్గా ఉంటుంది. ఫ్లై ఫిషింగ్ వాళ్ళు ఎర తేలడానికి వాడే పొడి కూడా ఈ బాపతే, నీళ్ళంటే పడని సిలికా. పాలిథిన్ కవర్‌లో ఓ చెంచాడు వేసి, బాణం తోక అందులో పెట్టి, మూతి గట్టిగా పట్టుకుని ఊపాలి, తర్వాత వేలితో తట్టి దులపాలి, అంతే. మొదటిసారి వేసి కుళాయి కింద పెట్టి చూశా, చేమాకు మీద నీళ్ళలా బొట్లు బొట్లుగా జారిపోయాయి, ఈక నిక్కబొడుచుకుని అలాగే ఉంది. ఆ రోజు ఇంట్లో కనిపించిన ప్రతివాళ్ళకీ పిలిచి చూపించా. మా ఆవిడ మాత్రం "బాగుంది గానీ ఆ పిండి నా నల్లకోటు మీద ఎందుకుంది" అంది. (గరాజ్‌లోనో బయటో వేసుకోండి, ముక్కుకి మాస్క్ పెట్టుకోండి, అంత సన్నటి పొడి పీల్చడం మంచిది కాదు.)

అంతకుముందు అన్నీ చూసినవాణ్ణే. హెయిర్ స్ప్రే కొడితే ఈక అట్టలా బిగుసుకుంటుంది. సిలికాన్ స్ప్రే కొన్నాళ్ళు బాగానే ఉంటుంది, తర్వాత దుమ్ము పట్టి జిడ్డుగా తయారవుతుంది. బ్రెడ్ ప్యాకెట్ కవర్ తొడిగితే ప్రతి టార్గెట్ దగ్గరా తీయడం, తొడగడం. వాటితో పోలిస్తే పొడి రాజా. ఎర్ర ఈకల రంగు కారి ప్యాంట్‌కి అంటుకునే బాధ కూడా చాలావరకు పోయింది, ఇది నేను అనుకోని లాభం.

ఇంతకీ అది ఎక్కడ దెబ్బతీసిందో చెప్తా. పోయిన నవంబర్‌లో ఒక షూట్, పొద్దున్నుంచీ సన్నటి తుంపర, ఆగదు, పెరగదు, ఇక్కడి వాన స్టైలే అంత. మధ్యాహ్నం దాకా నా బాణాలు అద్భుతంగా వెళ్ళాయి, పక్కవాళ్ళ బాణాలు ముడుచుకుపోయి వంకర్లు పోతుంటే నేను లోపల్లోపల నవ్వుకుంటున్నా కూడా. లంచ్ తర్వాత లోయలోకి దిగే దగ్గర ఒక జింక, పెద్ద కష్టమైందేం కాదు. మొదటి బాణానికి కిల్ (బొమ్మ మీద ప్రాణం పోయే చోటని గీసిన భాగం) తగిలితే 20 పాయింట్లు, రెండోదానికైతే 14, మూడోదానికి 8. మొదటిది జింక కాళ్ళ కింద నుంచి పోయింది. సరే ఈకలు తడిసినట్టున్నాయి అనుకుని కాస్త పైకి గురిపెట్టి రెండోది వేశా, అది జింక వీపు మీదుగా తుర్రుమని వెళ్ళిపోయింది. మూడోది తగిలింది, ఎలా తగిలిందో ఆ జింకకే తెలియాలి.

పొదల్లో వెతికి తెచ్చి చూస్తే మొదటి బాణం ఈకలు నీళ్ళోడుతూ పడుకుని ఉన్నాయి, రెండోదానివి పొడిగా, పొద్దున ఎలా ఉన్నాయో అలాగే. ఒకే డబ్బాలో పొడి, ఒకే రోజు వేసింది! అప్పుడు నడుముకి కట్టుకున్న క్వివర్‌లో, అంటే అమ్ములపొదిలో, మిగిలిన బాణాలన్నీ ఒక్కొక్కటే తీసి చూశా. తమాషా ఏంటంటే బయటి వరసలో నేరుగా వానకి ఎదురుగా ఉన్నవన్నీ బాగున్నాయి, లోపలి వరసలో నా ఒంటిని ఆనుకుని, జాకెట్ చాటున ఉన్నవే తడిసి ముద్దయ్యాయి. నడిచే ప్రతి అడుగుకీ తడి జాకెట్ అంచు ఆ ఈకల్ని రుద్దుతోంది, పొడి కాస్తా రాలిపోతోంది, జాకెట్ మీద నుంచి జారే నీళ్ళన్నీ సరాసరి అక్కడికే దిగుతున్నాయి. పైనుంచి పడే చినుకుకి ఈ పొడి భయపడదు, రాపిడికి మాత్రం నిలబడదు. డబ్బా మీద వాన బొమ్మ వేశారు, రాపిడి సంగతి ఎక్కడా రాయలేదు, నా కోపమల్లా అదే.

అసలు నొప్పి ఇంకోటి. అన్నీ తడిసిపోతే ఒక లెక్క ఉంటుంది, అన్నిటికీ కాస్త పైకి పెట్టుకుని వేసుకుంటాం. సగం తడిసి సగం పొడిగా ఉంటే, చేతికి ఏ బాణం వచ్చిందో చూసుకుని గురి మార్చాలి, నాలాగా విల్లు ఎత్తి చూపుతోనే వేసేవాళ్ళకి అది అయ్యే పని కాదు. ఆ రోజు మిగతా టార్గెట్లన్నీ అలాగే గడిచాయి.

సరే మళ్ళీ పొడి వేద్దామంటే తడి ఈకకి అది పట్టదు, పైపైన తేలి రాలిపోతుంది. ముందు పూర్తిగా ఆరాలి, అడవిలో ఎక్కడ ఆరతాయి. రెండు అరచేతుల మధ్య బాణాన్ని గిర్రున తిప్పితే నీళ్ళు చాలావరకు ఎగిరిపోతాయి, అప్పటికి అదే దిక్కు. ఇంటికొచ్చాక కెటిల్ ఆవిరి మీద పట్టి తిప్పుతుంటే పడుకున్న ఈకలు కళ్ళముందే లేచి నిలబడతాయి, తర్వాత ఒక రాత్రంతా గాలికి ఆరబెట్టి మళ్ళీ పొడి. తడి బాణాల్ని మూత ఉన్న ట్యూబ్‌లో పెట్టి మర్చిపోకండి, బూజు పడుతుంది, చెక్క వంగుతుంది.

ఇప్పుడు క్వివర్‌ని నడుం వెనక్కి జరిపా, పొడుగు జాకెట్ మానేసి నడుం దాకా వచ్చే పొట్టిది వేసుకుంటున్నా, బాణాలు ఒంటికి ఆనకుండా క్వివర్ లోపలి అంచుకి ఒక ఫోమ్ ముక్క కుట్టించా. నాలుగంగుళాల ఈకల బదులు అయిదంగుళాలవి వేయిస్తున్నా, కొంచెం తడిసినా పెద్ద ఈక ఇంకా కాస్త పని చేస్తుందని. వీటన్నిటితో కలిపి చూస్తే పొడి మళ్ళీ బాగానే పనిచేస్తోంది, కానీ అప్పుడు పొగడ్త మొత్తం పొడికే ఇవ్వాలా, సగం ఆ ఫోమ్ ముక్కకి ఇవ్వాలా అంటే చెప్పలేను. తడి గడ్డిలో పడిన బాణం సంగతి కూడా అంతే, ఒకసారి పొదల్లోంచి లాగి తెస్తే ఆ బాణానికి పొడి సగం పోయినట్టే, అంటే గురి తప్పేవాళ్ళకి డబ్బా త్వరగా అయిపోతుంది. నాకు త్వరగానే అయిపోతోంది.

కొనాలా వద్దా అంటే, నాలాగా తుంపరలో గంటల తరబడి అడవిలో నడుస్తూ వేసేవాళ్ళైతే కొనుక్కోండి, రెండు మూడు గంటలు నమ్మొచ్చు, ఆపైన మీ జాకెట్‌ని బట్టి. కుండపోతలో వేసేవాళ్ళకి ఎలా ఉంటుందో నేను చెప్పను, అంత వాన పడితే నేను కారులో కూర్చుంటా. మన దగ్గర వెదురు విల్లుతో ఈకల బాణాలు వేసే పిల్లలు అడిగితే మాత్రం వద్దనే చెప్తా, గ్రౌండ్‌లో వాన పడితే షెడ్ కిందకి వచ్చేస్తారు కదా, ఆ డబ్బుకి ఇంకో జత ఈకలు కొనుక్కోవడం నయం.