చిన్న ఎడిటరుకు పెద్ద ధర: సబ్‌లైమ్ టెక్స్ట్‌ను పన్నెండేళ్లకు పైగా వాడిన అనుభవం

సబ్‌లైమ్ టెక్స్ట్ అనే ఎడిటరును నేను 2012 నుంచి దాదాపు ప్రతి పనిదినమూ వాడుతున్నాను. ప్రోగ్రాములు రాసుకోవడానికి, డేటా ఫైళ్లను దిద్దుకోవడానికి పనికివచ్చే చిన్న సాఫ్ట్‌వేర్ అది. దాన్ని తయారుచేసే బృందమూ చిన్నదే. ధర మాత్రం చిన్నది కాదు. అదే పనికి ఉచితంగా దొరికే ఎడిటర్లు ఎన్నో ఉండగా దీనికి అంత డబ్బు పెట్టడం సమంజసమేనా అని తోటి ఉద్యోగులు నన్ను తరచుగా అడుగుతుంటారు. సమంజసమేనని ఇన్నేళ్ల వాడకం తర్వాత నమ్మకంగా చెప్పగలను. కానీ దీన్ని అమ్మిన పద్ధతిని బట్టి నేను ఆ మాట అంటున్నానే తప్ప, చిన్న యాప్‌లు అడిగే పెద్ద ధరలన్నీ న్యాయమైనవేనని నా అభిప్రాయం కాదు.

మొదటి రెండేళ్లూ నేను ఏమీ చెల్లించకుండానే వాడాను. వాడి చూడటానికి తయారీదారులు గడువేమీ పెట్టలేదు. ఫైలు సేవ్ చేస్తున్నప్పుడు అప్పుడప్పుడు లైసెన్సు కొనమని గుర్తుచేసే చిన్న పెట్టె తెర మీదికి వస్తుంది. దాన్ని మూసేస్తే పని యథావిధిగా సాగుతుంది. 2014లో నేను లైసెన్సు కొన్నది ఆ పెట్టెతో విసిగిపోయి కాదు. ఆ ఏడాది కొన్ని లక్షల వరుసలున్న ఒక డేటా ఫైలు నా చేతికి వచ్చింది. అందులో తేదీలు నాలుగైదు రకాలుగా రాసి ఉన్నాయి, పేర్ల మధ్య అనవసరమైన ఖాళీలు ఉన్నాయి, కొన్నిచోట్ల వరుసలు మధ్యకు విరిగిపోయాయి. అంతకుముందు ఇలాంటి పనికి నేను విడిగా ఒక ప్రోగ్రాము రాసి, అది చేసిన తప్పులు దిద్దడానికి ఇంకొకటి రాసేవాణ్ణి. ఈసారి ఒకే రకం తప్పున్న చోట్లన్నీ ఒకేసారి ఎంచుకుని, అన్నిచోట్లా కర్సరు పెట్టి, ఒక్క దిద్దుబాటుతో అన్నీ సరిచేశాను. ప్రతి మార్పూ నా కళ్లముందే జరిగింది కనుక ఎక్కడ పొరబడ్డానో వెంటనే తెలిసింది. రెండు రోజులు పడుతుందనుకున్న పని ఒక మధ్యాహ్నంలో ముగిసింది. ఆ సాయంత్రమే డబ్బు చెల్లించాను. అప్పటికే నేను వారికి బాకీ పడినట్టు అనిపించింది.

ఆ ధరకు నాకు దక్కినవాటిలో అన్నిటికన్నా విలువైనది వేగం. దీన్ని సి ప్లస్ ప్లస్ భాషలో, తమ సొంత తెర నిర్మాణ వ్యవస్థతో తయారుచేశారు. ఈ రోజుల్లో వచ్చే ఎడిటర్లలో చాలావాటికి పునాది ఎలక్ట్రాన్ అనే సాఫ్ట్‌వేర్ చట్రం. అంటే వాటిలో ప్రతిదాని లోపలా ఒక బ్రౌజరు మొత్తం నడుస్తూ ఉంటుంది. అందువల్ల వాటి తయారీ సులువవుతుంది కానీ ఆ భారం వాడేవాడి కంప్యూటరు మీద పడుతుంది. మీట నొక్కడానికీ అక్షరం కనబడటానికీ మధ్య జాప్యం ఒకసారికి లెక్కలోకి రాదు. రోజుకు వేలసార్లు మీటలు నొక్కేవాడికి అది ఆలోచనను తెంపే అడ్డంకి. సబ్‌లైమ్ టెక్స్ట్‌లో ఆ అడ్డంకి నాకు ఎన్నడూ తగల్లేదు. ఫైళ్లను సేవ్ చేయకుండానే ఎడిటరును మూసేసినా, మళ్లీ తెరిచినప్పుడు అవి వదిలిన చోటే కనబడతాయి. 2012లో నా వేళ్లు నేర్చుకున్న మీటలు ఇవాళ కూడా అవే పనులు చేస్తున్నాయి. ఉన్నదాన్ని కదపకుండా, కింద కంప్యూటర్లూ ఆపరేటింగ్ సిస్టమ్‌లూ మారుతున్నా పైన ఏ మార్పూ తెలియకుండా నిలబెట్టడానికి ఎవరో ఏళ్ల తరబడి శ్రమపడాలి. ఆ శ్రమ ప్రకటనల్లో చూపించగలిగే సౌకర్యం కాదు కనుక కొనేవారు దాన్ని ధరలో లెక్కగట్టరు. నేను చెల్లించింది ముఖ్యంగా దానికే.

ఉచిత ఎడిటరుతో ఇదంతా జరగదా అంటే, జరుగుతుంది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ 2003 నుంచి ఉచితంగానే అందుతోంది. 1991లో బ్రామ్ మూలెనార్ విడుదల చేసిన విమ్ అనే ఎడిటరు, ఇష్టమైతే ఉగాండాలోని పిల్లల సహాయానికి విరాళం ఇవ్వమని కోరిందే తప్ప ధర అడగలేదు; ఆయన 2023లో మరణించిన తర్వాత కూడా ఇతరులు దాన్ని కొనసాగిస్తున్నారు. ఈ రెండింటి మీదా నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ ఉచితమైనదల్లా ఇలాగే నిలుస్తుందని అనుకోవడం పొరపాటు. ప్రోగ్రాములను దాచుకుని పంచుకునే వేదికను నడిపే గిట్‌హబ్ సంస్థ తయారుచేసిన ఆటమ్ ఎడిటరు 2014లో వచ్చింది. 2018లో మైక్రోసాఫ్ట్ గిట్‌హబ్‌ను కొన్నది. మైక్రోసాఫ్ట్ చేతిలో విజువల్ స్టూడియో కోడ్ అనే మరో ఉచిత ఎడిటరు అప్పటికే ఉంది. 2022 డిసెంబరు 15న ఆటమ్ అభివృద్ధి ఆగిపోయింది. దాని వెనుక పెద్ద సంస్థే ఉన్నా, దాన్ని వాడేవారు ఆ సంస్థకు కొనుగోలుదారులు కారు. సబ్‌లైమ్ టెక్స్ట్ బృందానికి నాలాంటి కొనుగోలుదారులే జీవనాధారం. ఎడిటరు నచ్చకపోతే మేము కొనం, మేము కొనకపోతే వారికి గడవదు. ఇంత సూటిగా ఉండే సంబంధం మీద నాకు నమ్మకం ఎక్కువ.

విజువల్ స్టూడియో కోడ్ గురించి న్యాయంగా ఒక మాట చెప్పాలి. ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో అంచెలంచెలుగా వెతకాలన్నా, ఒక భాషకు కావలసిన సహాయమంతా ఒకేచోట కావాలన్నా అది ముందుంది. కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారికి సబ్‌లైమ్ టెక్స్ట్ కొనమని నేను చెప్పను. చిన్న బృందం కావడం వల్ల దీని నడక కూడా నెమ్మది: మూడవ వెర్షను బీటాగా, అంటే పరీక్షా రూపంలో, 2013 జనవరిలో వస్తే, పూర్తి రూపంలో 2017 సెప్టెంబరుకు గానీ రాలేదు. ఎప్పటికప్పుడు కొత్త సౌకర్యాలు రావాలనుకునేవారికి ఈ ధర దండగే.

ఇక చెల్లించే పద్ధతి. ఒకప్పుడు నేను గమనికలు రాసుకునే ఒక చిన్న యాప్‌ను మంచి ధర పెట్టి కొన్నాను. కొన్నేళ్లకు అది నెలవారీ చందాకు మారింది. అంతకుముందే డబ్బు చెల్లించిన నేను చందా కట్టకపోతే కొత్తగా ఏమీ రాసుకోలేని స్థితి వచ్చింది. పాత గమనికలను బయటికి తీసుకుంటే సగం అమరిక చెదిరిపోయింది. దాని తయారీదారులది దురాశేనని నేను అనను. ఐఫోన్ల ఆపరేటింగ్ సిస్టమ్ ఐఓఎస్ 11 విడుదలైన 2017లో, పాత తరహాలో (32 బిట్) తయారైన యాప్‌లన్నీ దానిలో ఒక్కసారిగా పనిచేయకుండా పోయాయి. ముట్టుకోకుండా వదిలేసిన యాప్ ఎక్కువ కాలం బతకదు. పైగా ఆపిల్ యాప్ స్టోరులో పాత కొనుగోలుదారుకు కొత్త వెర్షనును తగ్గింపు ధరకు అమ్మే ఏర్పాటు లేదు. వచ్చే ఆదాయంలో మొదట 30 శాతం, 2021 నుంచి చిన్న తయారీదారులకు 15 శాతం, స్టోరుకే పోతుంది. అలాంటి చోట చందా వైపు మొగ్గడాన్ని అర్థం చేసుకోగలను. సర్వర్లు నడుపుతూ నా ఫైళ్లను పరికరాలన్నిటికీ చేర్చే యాప్‌కైతే నెలనెలా ఇవ్వడం సబబే. నా కంప్యూటరు దాటి బయటికి పోని యాప్, నేను రాసిన మాటలకు తాళం వేసి అద్దె అడగడం మాత్రం నాకు సమ్మతం కాదు.

సబ్‌లైమ్ టెక్స్ట్ ఆ పని చేయలేదు. నేను 2014లో కొన్న లైసెన్సు మూడవ వెర్షనుకూ చెల్లింది. 2021 మేలో నాలుగవ వెర్షనుతో పాటు వారు పద్ధతి మార్చారు: వ్యక్తిగత లైసెన్సు కొన్నవారికి మూడేళ్ల పాటు వచ్చే మార్పులన్నీ అందుతాయి, గడువు ముగిసినా అప్పటిదాకా అందిన వెర్షను ఎన్నాళ్లైనా పనిచేస్తుంది. లైసెన్సు మనిషిది, యంత్రానిది కాదు. అందుకే నా విండోస్ కంప్యూటరులోనూ లినక్స్ కంప్యూటరులోనూ ఒకే లైసెన్సు వాడుకుంటున్నాను. నా ఫైళ్లన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లే కనుక రేపు ఏ ఎడిటరులోనైనా తెరుచుకుంటాయి. ఒక చిన్న సాఫ్ట్‌వేర్ పెద్ద ధర అడిగినప్పుడు నేను ఇప్పుడు మొదట చూసేది ఇదే: చెల్లించడం ఆపిన మరునాడు నా దగ్గర ఏం మిగులుతుంది?

2021లో నేను తీసుకున్న మూడేళ్ల గడువు 2024లో ముగిసింది. చేతిలో ఉన్న వెర్షనుతో పని చక్కగా సాగుతోంది కనుక ఇంకా పొడిగించలేదు. కంప్యూటరు మార్చినప్పుడో, కొత్త వెర్షనులో నాకు పనికివచ్చేది కనబడినప్పుడో మళ్లీ చెల్లిస్తాను. అప్పటిదాకా ఒత్తిడి చేసేవారు లేరు.