ఉస్మానియా, ఆంధ్రా: రెండు క్యాంపస్‌లు

ఉస్మానియా 1918లో నిజాం ఫర్మానాతో పుట్టింది, ఉర్దూ మాధ్యమంతో. ఆంధ్రా విశ్వవిద్యాలయం 1926లో మద్రాసు శాసనమండలి చట్టంతో పుట్టింది. తేడా అక్కడే మొదలైంది.

కట్టడాల మాటకొస్తే ఉస్మానియాదే పైచేయి. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ గులాబీ రంగు గ్రానైట్‌తో కట్టింది. బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ గీసిన నమూనాలో అజంతా, ఎల్లోరా గుహల తరహా స్తంభాలు, మసీదుల కమానులు ఒకే గోడలో కలుస్తాయి. చిత్రంగా, ఎక్కడా అతుకు వేసినట్టు ఉండదు. పక్కనున్న రైల్వే స్టేషన్ పేరూ 'ఆర్ట్స్ కాలేజ్' అయిపోయింది!

ఆంధ్రాకు అలాంటి ఒక్క భవనం లేదు. మొదట బెజవాడలో ఉండి 1930లో విశాఖపట్నంలోని వాల్తేరుకు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గుంటూరుకు వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చింది. సైన్స్ కాలేజీకి దాత, ఒడిశాలోని జయపురం మహారాజా విక్రమదేవ వర్మ పేరు పెట్టారు. సి.ఆర్.రెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్ చాన్సలర్లుగా పనిచేసింది ఇక్కడే.

కట్టడం చూడాలంటే హైదరాబాద్‌కే నా ఓటు. సాయంత్రం నడవాలంటే మాత్రం వాల్తేరే: సముద్రపు గాలి ఉస్మానియాకు ఎక్కడిది?