నాబాలు మాట, అబీగయీలు మాట

గొర్రెల బొచ్చు కత్తిరించే రోజులు పాలమూరు పల్లెలకు కొత్త కాదు. బైబిల్లో సమూయేలు మొదటి గ్రంథం 25వ అధ్యాయంలోని కథ అలాంటి రోజునే జరిగింది. నాబాలుకు 3,000 గొర్రెలు, 1,000 మేకలు. అడవిలో అతని మందకు కాపలాగా నిలిచిన దావీదు (అప్పటికి ఇంకా రాజు కాలేదు) మనుషులొచ్చి మర్యాదగా తిండి అడిగారు.

దావీదెవడు, యజమానుల దగ్గర్నుంచి పారిపోయే పనివాళ్లు ఈ రోజుల్లో చాలామంది ఉన్నారు అన్నాడు నాబాలు. లేదనడం వేరు, మనిషిని తీసిపారేయడం వేరు. మన దగ్గర పొలం గట్టు పంచాయితీలు కూడా ‘నువ్వెంత, నీ బతుకెంత’ అన్నాకే ముదురుతాయి. ఇక్కడ ఆ మాటకు దావీదు వెంట 400 మంది కత్తులు కట్టుకుని బయల్దేరారు.

అతని భార్య అబీగయీలు ముందు 200 రొట్టెలు, ఐదు గొర్రెల మాంసం గాడిదల మీద పంపింది. ఆ తర్వాతే దావీదు ముందు నోరు తెరిచింది. దోషం నా మీద ఉండనీ అంది. నీ కోపం తప్పు అని దావీదు ముఖం మీద అనలేదు. రేపు నువ్వు ఏలేవాడివయ్యాక ఈ రక్తం నీ మనసును బాధపెట్టకూడదు అంది. కోపంలో ఉన్న మనిషికి ఇంత మెత్తగా, ఇంత నిజం చెప్పడం ఎంత కష్టమో!

నాకు అన్నిటికంటే నచ్చేది ఆ రాత్రి. ఇంటికొచ్చేసరికి భర్త తాగి మత్తులో ఉన్నాడు. ఆమె ఒక్క మాటా అనలేదు. తెల్లారి మత్తు దిగాక అంతా చెప్పింది. మృదువైన మాట కోపాన్ని చల్లారుస్తుందని సామెతలు 15:1 చెప్తుంది. అబీగయీలు దానికి సమయం కూడా చూసుకుంది. తాగొచ్చినవాడితో అర్ధరాత్రి గొడవపడకుండా పొద్దున చాయ్ ఇచ్చి నిలదీసే ఆడవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. వాళ్లది భయం కాదు. ఈసారి సంఘంలో ఈ అధ్యాయం తీస్తే 37వ వచనం దాకా చదవండి.